చేదు కబురు ముందుగా చెప్పుకుందాం

ప్రసూతి సెలవు అయిపోతుంది. సాయానికి వచ్చిన అమ్మమ్మ కొన్నాళ్ళు ఉండి, ఊళ్ళో తాతయ్యను ఎన్నాళ్ళని ఒంటరిగా వదిలేస్తానంటూ బయల్దేరుతుంది. పసిపిల్లను రోజంతా పనిమనిషికి అప్పగించాలంటే ధైర్యం చాలదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, పిల్లకు ఏడాదో ఏడాదిన్నరో నిండేసరికి డేకేర్ గుమ్మం తొక్కక తప్పడం లేదు.

అప్పుడు నాలుగైదు చోట్లకు వెళ్ళి చూస్తారు. ఫీజు ఎంత, ఇంటికి ఎంత దూరం, సీసీ కెమెరాలున్నాయా, ఏసీ ఉందా అని అడుగుతారు. అడగాల్సినవే. కానీ చేర్చిన నెల తర్వాత ఆ తల్లీ తండ్రీ ఆఫీసులో నిశ్చింతగా కూర్చోగలుగుతున్నారా లేదా అన్నది వీటిలో దేనిమీదా ఆధారపడదు. అది ఒక్కదాని మీదే ఆధారపడుతుంది: చెప్పడానికి ఇబ్బందిగా ఉండే మాటను ఇరువైపులవాళ్ళూ దాచకుండా, ఆలస్యం చేయకుండా చెప్పుకోగలుగుతున్నారా?

"ఈ రోజు పాప అన్నం ముట్టలేదండీ" అని ఆయమ్మ చెప్పగలగాలి. "రాత్రి వాడికి ఒళ్ళు వెచ్చబడింది" అని తల్లి చెప్పగలగాలి. ఈ రెండు మాటలూ సాఫీగా నడిచే చోట నమ్మకం దానంతట అదే పెరుగుతుంది. నడవని చోట ఎన్ని కెమెరాలు పెట్టినా అనుమానమే మిగులుతుంది. తల్లిదండ్రులూ, టీచర్లూ, ఆయాలూ, డేకేర్ నడిపేవాళ్ళూ అందరూ పనిచేసుకు బతికేవాళ్ళే. ఈ సలహాలు వాళ్ళందరికీ.

చేర్చే ముందు ఏం అడగాలి

కొన్ని ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాబట్టాలి. మా పిల్లను ప్రధానంగా చూసుకునేది ఎవరు? ఆమె సెలవు పెట్టిన రోజున ఎవరు చూస్తారు? ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది పిల్లలున్నారు? ముందుగా చెప్పకుండా వచ్చి చూడొచ్చా? మేము కాకుండా ఇంకెవరైనా తీసుకెళ్ళడానికి వస్తే ఏం చేస్తారు? దెబ్బ తగిలితే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు? ఇక్కడ పనిచేసేవాళ్ళు ఎన్నాళ్ళుగా ఉన్నారు? ఆయాలు నెలకొకరు మారిపోతుంటే, పిల్ల ఎవరి మీదైనా మమకారం పెంచుకునేలోపే ఆ మనిషి వెళ్ళిపోతుంది.

వీటన్నిటికన్నా విలువైన ప్రశ్న మరొకటుంది. "ఈ మధ్య ఇక్కడ ఎవరైనా పిల్లకు చిన్న దెబ్బ తగిలిందా? అప్పుడు ఏం చేశారు?" అని అడిగి చూడండి. "మా దగ్గర అలాంటివేవీ జరగవు మేడమ్" అన్నవాళ్ళ విషయంలో జాగ్రత్త పడండి. నడక నేర్చుకుంటున్న పిల్లలు పదిమంది ఉన్నచోట ఎవరూ పడకుండా ఉండరు. "పోయిన వారం ఒక బాబు జారి పడ్డాడు, పెదవి చిట్లింది, వెంటనే వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేశాం, ఆ మూల చాప మార్చాం" అని చెప్పగలిగినవాళ్ళు రేపు మీ పిల్ల విషయంలోనూ అలాగే చెబుతారు.

చేర్చే ముందు ఏం చెప్పాలి

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు కొంత దాచుకుంటారు. పాప చీర ఉయ్యాలలో ఊపితేనే నిద్రపోతుందని, ఫోన్‌లో రైమ్స్ పెడితే తప్ప ముద్ద మింగదని చెప్పడానికి మొహమాటపడతారు. టీచర్ ఏమనుకుంటుందోనని బెరుకు. ఏడాది వయసు పిల్లలకు తెరలు చూపించవద్దనీ, రెండేళ్ళు నిండాక కూడా రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన సంగతి విన్నవాళ్ళకైతే ఆ బెరుకు మరీ ఎక్కువ. కానీ ఆ మాట దాస్తే జరిగేది ఏమిటి? డేకేర్‌లో పాప అన్నం తినదు, ఎందుకు తినడం లేదో ఆయమ్మకు అర్థం కాదు, బతిమాలి విసిగిపోతుంది, పాప ఆకలితో ఏడుస్తుంది. ముందే చెప్పి ఉంటే మొదటి వారం ఆమె పక్కన కూర్చుని, పాట పాడుతూ, మిగతా పిల్లలు తినడం చూపిస్తూ మెల్లగా అలవాటు మార్చేది.

ఆ మాట విన్న టీచర్ మీద కూడా ఒక బాధ్యత ఉంది. ముఖం చిట్లించకూడదు. "చాలా ఇళ్ళలో అంతేనండీ, మెల్లగా మార్చుకుందాం" అంటే ఆ తల్లి రేపు ఇంకో నిజం చెబుతుంది. "అయ్యో, ఫోన్ చూపిస్తున్నారా!" అంటే ఇక ఏదీ చెప్పదు.

ఒక కాగితం మీద వీటిని రాసి ఇవ్వండి: నిద్రపోయే పద్ధతి, తినేవీ తిననివీ, పడని ఆహారం, భయపడే శబ్దాలు, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుందో. పాప సొంత మాటలు కూడా రాయండి. ఆకలేస్తే "బువ్వ" అంటుందా, నిద్ర వస్తే "జోజో" అంటుందా, ఒంటికి వస్తే ఏమంటుందో, నీళ్ళకు ఏమంటుందో. హైదరాబాద్ డేకేర్లలో చాలాచోట్ల ఆయమ్మది హిందీయో ఉర్దూయో. పాప "బువ్వ" అని అరగంట ఏడ్చినా ఆమెకు తెలియకపోతే అది ఎవరి తప్పూ కాదు, కానీ ఆకలి మాత్రం పాపదే.

ఇంట్లో జరిగే మార్పులనూ చెప్పండి. అమ్మమ్మ ఊరెళ్ళిపోయింది, తల్లికి మళ్ళీ నెల తప్పింది, నాన్న రాత్రి షిఫ్టుకు మారాడు, ఇల్లు మారుతున్నాం. వివరాలు అక్కర్లేదు. "ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది, వాడు చిరాకుగా ఉండొచ్చు" అన్న ఒక్క వాక్యం చాలు. అది తెలిసిన టీచర్ ఆ రోజు వాణ్ణి కాస్త ఎక్కువసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది.

మొదటి రెండు వారాలు

ఉద్యోగంలో తిరిగి చేరే రోజే పిల్లను డేకేర్‌లో వదిలే రోజు కాకుండా చూసుకోండి. వీలైతే రెండు వారాలు, కనీసం ఒక వారం తేడా ఉంచుకోండి. సెలవు మిగలకపోతే భార్యాభర్తలు చెరో సగం పంచుకోండి. పిల్ల అలవాటు పడటం తల్లి ఒక్కదాని పని కాదు.

ఇంత సమయం ఎందుకంటే, సుమారు 8 నెలల నుంచి పిల్లలకు తమవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో స్పష్టంగా తెలుస్తుంది. దగ్గరి మనిషి కనబడకపోతే కలిగే భయం 10 నుంచి 18 నెలల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. మనవాళ్ళు పిల్లల్ని డేకేర్‌లో చేర్చేది సరిగ్గా ఆ వయసులోనే. కాబట్టి ఏడుపు పిల్ల మొండితనమూ కాదు, డేకేర్ లోపమూ కాదు. తనవాళ్ళెవరో తెలిసిన పిల్ల సహజంగా చేసే పని అది.

జర్మనీలో బెర్లిన్ నగరానికి చెందిన ఇన్‌ఫాన్స్ అనే సంస్థ 1980లలో ఒక పద్ధతి రూపొందించింది. అక్కడి డేకేర్లలో ఇప్పటికీ చాలాచోట్ల దాన్నే పాటిస్తారు. మొదటి 3 రోజులు తల్లో తండ్రో పిల్లతోపాటు గదిలోనే గంటసేపు కూర్చుంటారు. వదిలి వెళ్ళరు, ఆడించరు, ఊరికే అందుబాటులో ఉంటారు. చూసుకోబోయే టీచర్ ఆటతో మెల్లగా దగ్గరవుతుంది. 4వ రోజు పిల్లకు చెప్పి బయటికి వెళ్తారు, అరగంట మించకుండా తిరిగి వస్తారు. ఆ 4వ రోజు సోమవారం అయితే విడిచి వెళ్ళడాన్ని మంగళవారానికి వాయిదా వేస్తారు. రెండు రోజులు ఇంట్లో గడిపి వచ్చిన పిల్లకు ఆ రోజు కష్టం కనుక. ఏడ్చిన పిల్ల టీచర్ దగ్గర ఊరుకుంటే వ్యవధి పెంచుతారు. ఊరుకోకపోతే ఇంకొన్నాళ్ళు ఆగుతారు.

మన దగ్గర "మీరు వదిలేసి వెళ్ళండి, రెండు రోజులు ఏడ్చి వాళ్ళే ఊరుకుంటారు" అన్న మాట తరచుగా వినబడుతుంది. దానికి తలూపకుండా, "మొదటి 3 రోజులు నేను గంటసేపు కూర్చుంటాను, తర్వాత అరగంట, గంట, సగం పూట, అలా పెంచుదాం" అని మర్యాదగా అడగండి. కూర్చోనిచ్చే డేకేర్‌కు దాచుకోవడానికి ఏమీ లేదని కూడా దాంతో తెలుస్తుంది. కూర్చున్నప్పుడు ఆయమ్మ పనిని తప్పుపట్టకండి. మీరు ఆమెతో నవ్వుతూ మాట్లాడటాన్ని పిల్ల గమనిస్తుంది. అమ్మ నమ్మిన మనిషిని తనూ నమ్మవచ్చని పిల్లకు తెలిసే దారి అదే.

మీ ఆఫీసు సంగతి కూడా చూసుకోండి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. ఈ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు వర్తిస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లి విశ్రాంతి సమయంతో కలిపి రోజుకు 4 సార్లు అక్కడికి వెళ్ళి రావడానికి అనుమతించాలనీ అదే చట్టం చెప్పింది. ఈ సంగతిని నియామక సమయంలోనే రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అది చెప్పింది. హెచ్‌ఆర్ వాళ్ళను ఈమెయిల్‌లో అడగండి. ఇది దయ కాదు, హక్కు. అయితే ఏ వేళకు వెళ్తే పిల్లకు మంచిదో టీచర్‌ను అడిగి వెళ్ళండి. అప్పుడే ఊరుకున్న పిల్ల మిమ్మల్ని చూసి మళ్ళీ మొదటికి రావచ్చు.

గుమ్మం దగ్గర

"అదిగో కాకి" అని చూపించి, పిల్ల అటు తిరగగానే జారుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటు. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది. కానీ అమ్మ ఏ క్షణాన మాయమవుతుందో తెలియదని పిల్ల నేర్చుకుంటుంది. మర్నాటి నుంచి కొంగు వదలదు. చెప్పి వెళ్ళండి. "ఆఫీసుకి వెళ్ళొస్తా, నువ్వు సాయంత్రం పాలు తాగేసరికి వచ్చేస్తా" అనండి. గంటలు తెలియని పిల్లకు పాలు తాగే వేళ తెలుసు. ఆ మాట మీద నిలబడండి. ముద్దు పెట్టి, టీచర్ చేతికి అందించి, కదలండి. పది నిమిషాలు గుమ్మంలో తచ్చాడితే మీ భయం పిల్లకు అంటుకుంటుంది.

టీచర్ చేయాల్సింది ఒకటుంది. పిల్ల ఊరుకోగానే పావుగంటలోపు తల్లికి ఒక చిన్న మెసేజ్: "ఊరుకుంది, బ్లాకులతో ఆడుతోంది." ఊరుకోకపోతే ఆ మాటే రాయండి: "ఇంకా ఏడుస్తోంది, ఎత్తుకుని ఉన్నాను, మళ్ళీ చెబుతాను." ఏడుస్తున్న పిల్లను నవ్వుతోందని ఒక్కసారి రాసి దొరికిపోతే, ఆ తర్వాత నిజంగా నవ్వినా ఆ తల్లి నమ్మదు.

ఇంట్లో ఇంకో జాగ్రత్త. "అల్లరి చేశావంటే టీచర్‌కి చెబుతా", "అన్నం తినకపోతే డేకేర్‌లోనే వదిలేస్తా" అని బెదిరించకండి. పగలంతా ఎవరి ఒళ్ళో ఉండాలో ఆ మనిషినే బూచిగా చూపిస్తే పిల్లకు దిక్కెవరు?

సాయంత్రం ఐదు నిమిషాలు

తీసుకెళ్ళేటప్పుడు "ఏడ్చిందా?" అని అడిగితే "లేదండీ" అన్న జవాబే వస్తుంది. అడిగేవాళ్ళకు ఏం కావాలో చెప్పేవాళ్ళకు తెలుసు. దానికి బదులు "ఈ రోజు ఎప్పుడు బాగుంది, ఎప్పుడు ఇబ్బంది పడింది?" అని అడగండి. టీచర్లు నాలుగు విషయాలు తప్పక చెప్పాలి: ఎంత తింది, ఎంతసేపు పడుకుంది, మలమూత్రాలు ఎలా ఉన్నాయి, మనసు ఎలా ఉంది. వాటికి తోడు ఆ పిల్లకే చెందిన ఒక సంగతి చేర్చండి. "ఈ రోజు చీమల వరస చూస్తూ చాలాసేపు కూర్చుంది" అని విన్న తండ్రికి, తన కూతుర్ని ఎవరో శ్రద్ధగా చూశారని తెలుస్తుంది.

మిమ్మల్ని చూడగానే పిల్ల భోరుమంటే కంగారు పడకండి. రోజంతా అదుపులో పెట్టుకున్నదంతా తనవాళ్ళ దగ్గర బయటపెడుతుంది. దాని అర్థం అక్కడ బాధపెట్టారని కాదు. అలాగే పిల్ల ఆయమ్మను "అమ్మ" అని పిలిస్తే మనసు చివుక్కుమంటుంది. నిజమే. కానీ పిల్ల మమకారం పంచుకుంటే తరిగేది కాదు. ఆయమ్మ దగ్గర చేరిన పిల్ల పగలు భయం లేకుండా గడుపుతోందన్నమాట. బంధువులు "డబ్బు కోసం పిల్లను ఎవరి చేతుల్లోనో పెట్టింది" అన్నప్పుడు కలిగే బాధను ఆయమ్మ మీద అనుమానంగా మార్చకండి. మీ పనికీ గౌరవం ఉంది, ఆమె పనికీ ఉంది.

కొరికినప్పుడు, పడినప్పుడు

నమ్మకానికి అసలు పరీక్ష ఇక్కడే. మాటలు ఇంకా రాని పిల్లలు కొరుకుతారు. పళ్ళు వస్తున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు, బొమ్మ లాక్కున్నప్పుడు కొరుకుతారు. ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య ఇది మామూలు. దాన్ని చెప్పే పద్ధతిలోనే తేడా ఉంది. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు తల్లి పంటిగాట్లు చూసి ఫోన్ చేస్తే, అప్పుడు ఎంత మంచి వివరణ ఇచ్చినా అది సాకులాగే వినబడుతుంది. టీచర్ ముందుగా ఇలా చెప్పాలి:

"పదకొండింటికి బొమ్మ కారు కోసం పోటీ వచ్చింది. ఇంకో బాబు పాప చేతి మీద కొరికాడు. చర్మం తెగలేదు. సబ్బు నీళ్ళతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టాం. అప్పుడు నేను మరో పిల్లాడికి అన్నం పెడుతున్నాను, ఆపలేకపోయాను. రేపటి నుంచి అలాంటి కార్లు రెండు పెడతాం."

ఇందులో ఏం జరిగిందో ఉంది, ఏం చేశారో ఉంది, రేపు ఏం మారుతుందో ఉంది. ఎవరు కొరికారో పేరు లేదు. ఉండకూడదు కూడా. కొరికిన పిల్ల తల్లిదండ్రులతోనూ విడిగా, నలుగురిలో కాకుండా మాట్లాడాలి. తలకు దెబ్బ తగిలితే మాత్రం సాయంత్రం దాకా ఆగకూడదు. అప్పటికప్పుడే ఫోన్ చేయాలి. వాంతి, మగత కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇక తల్లిదండ్రుల వంతు. మొదటి చేదు కబురు విన్న క్షణంలో మీరు ఎలా స్పందిస్తారో, రెండోది మీదాకా వస్తుందో రాదో దానిమీదే ఉంది. ఆయమ్మ మీద కేకలు వేస్తే ఆమె నేర్చుకునేది ఒకటే, ఈసారి చెప్పకూడదని. కోపం రావడం సహజం. అయినా మొదట "చెప్పినందుకు థాంక్సండీ" అనండి. తర్వాత అడగాల్సినవన్నీ అడగండి.

డేకేర్ నడిపేవాళ్ళకు మరీ ముఖ్యంగా చెప్పాల్సిన మాట: దెబ్బ తగిలిందని చెప్పిన ఆయమ్మ జీతం కోసినా, అందరి ముందూ తిట్టినా, మీ సంస్థలో ఇక అబద్ధాలే వినబడతాయి. ఒక్క మనిషికి మోయలేనంతమంది పిల్లల్ని అప్పగించి, ఆ పైన నిజాయితీ ఆశించడం అన్యాయం.

జ్వరం దాచకండి

పొద్దున్న సిరప్ వేసి, ఒళ్ళు చల్లబడగానే డేకేర్‌లో దించి వెళ్ళడం చాలామంది చేసే పని. సెలవు దొరకదన్న భయం అర్థమవుతుంది. కానీ పారాసెటమాల్ ప్రభావం 4 నుంచి 6 గంటలే. మధ్యాహ్నానికి జ్వరం తిరిగి వస్తుంది. ఎంత మందు ఎప్పుడు వేశారో తెలియని ఆయమ్మ మళ్ళీ వేసే ప్రమాదం ఉంది. వానాకాలంలో చేతులు, కాళ్ళు, నోటి మీద పొక్కులు లేచే జబ్బు వస్తే ఒక్క పిల్లతో ఆగదు. ఎప్పుడు పంపకూడదో, ఎప్పుడు తిరిగి పంపవచ్చో చేర్చే రోజే ఇద్దరూ మాట్లాడుకుని రాసుకోండి. జ్వరం వచ్చిన రోజు ఎవరు సెలవు పెడతారో భార్యాభర్తలు ముందే తేల్చుకోండి. ఆ ఏర్పాటు లేని ఇళ్ళలోనే నిజం దాచాల్సి వస్తుంది.

టీచర్లు కూడా మొహమాటం లేకుండా చెప్పాల్సినవి ఉన్నాయి. డబ్బాలో వేరుశనగ గింజలు, నిలువుగా కోయని ద్రాక్షపండ్లు, పాప్‌కార్న్ వస్తే తిరిగి పంపేయండి. అవి గొంతుకు అడ్డం పడతాయి. "మీరు పంపినవి పెట్టలేదండీ, ఎందుకంటే..." అని కారణం చెబితే ఏ తల్లీ నొచ్చుకోదు.

కెమెరా ఎంతవరకు

కెమెరా ఉండటం మంచిదే. కానీ మీటింగ్ మధ్యలో ఫోన్ తెరిచి, శబ్దం లేకుండా, ఇరవై సెకన్లు ఏడుస్తున్న పిల్లను చూస్తే మీకు తెలిసేది సగమే. ఆ ముందు ఏం జరిగిందో, ఆ తర్వాత ఎవరు ఎత్తుకున్నారో కనబడదు. చూసి కలవరపడితే వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. టీచర్‌కు నేరుగా ఫోన్ చేసి అడగండి. గ్రూపులో మాట పడితే అది ఆరోపణ అవుతుంది, మిగతా తల్లిదండ్రులు చేరి ఊరంతా చేస్తారు. టీచర్లు కూడా పిల్లల ఫోటోలు అనుమతి లేకుండా పెట్టకూడదు, బట్టలు మార్చేటప్పుడు అసలే తీయకూడదు.

నమ్మకం వేరు, కళ్ళు మూసుకోవడం వేరు. లోపలికి రానివ్వకపోవడం, ఒకే గాయానికి రోజుకో కారణం చెప్పడం, పిల్ల ఎప్పుడూ మగతగా ఉండటం, ఒక మనిషిని చూస్తేనే బెదిరిపోవడం, మలమూత్ర స్థానాల్లో నొప్పి లేదా గాయం. ఇవి కనిపిస్తే మొహమాటం వదిలేయండి. పిల్లల డాక్టర్‌కు చూపించండి, యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగిక హింస అనుమానం ఉంటే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం బాధ్యత. ఆ బాధ్యత టీచర్లకూ, యాజమాన్యానికీ ఉంది.

యాప్ లేకపోయినా

ఇదంతా పెద్ద జీతాల ఇళ్ళ సంగతి అనుకోకండి. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ మొబైల్ క్రెష్‌లను మొదలుపెట్టింది భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలలో క్రెష్‌లు నడుస్తున్నాయి. కూలికి వెళ్ళే తల్లికి మెసేజ్‌లు, రిపోర్టులు అక్కర్లేదు. సాయంత్రం పిల్లను అందిస్తూ నాలుగు మాటలు నిలబడి చెబితే చాలు. ఆమె కూడా "రాత్రి సరిగా పడుకోలేదమ్మా" అని చెప్పి వెళ్తే, అక్కడా జరిగేది ఇదే పని.

నెల తిరిగేసరికి

చేర్చిన నెలకు పావుగంట కూర్చుని మాట్లాడుకోండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళండి, పిల్లను చూసుకునే ఆయమ్మనూ పిలవమనండి. అసలు సంగతులు ఆమెకే తెలుసు. మూడు విషయాలు మాట్లాడండి: పిల్ల ఇక్కడ దేనికి సంతోషిస్తోంది, దేనికి ఇబ్బంది పడుతోంది, వచ్చే నెల మనం ఏం మార్చుదాం. ఆ తర్వాత ఇరువైపులవాళ్ళూ ఇన్నాళ్ళూ చెప్పడానికి సంకోచించిన ఒక్కో మాట చెప్పండి. "మీరు రోజూ ఆలస్యంగా వస్తున్నారండీ, అందరూ వెళ్ళిపోయాక పాప తలుపు వైపే చూస్తోంది" అని టీచర్ అనవచ్చు. "పాప డైపర్ చాలాసేపటి దాకా మార్చడం లేదేమో అనిపిస్తోంది" అని మీరనవచ్చు. వినడానికి కష్టంగానే ఉంటాయి. కానీ ఆ రెండు మాటలతో ఒకరు ఆఫీసు నుంచి అరగంట ముందు బయల్దేరే ఏర్పాటు చేసుకుంటారు, మరొకరు డైపర్ మార్చిన వేళ రాసిపెట్టడం మొదలుపెడతారు. మర్నాటి నుంచే పిల్ల రోజు కొంత మెరుగుపడుతుంది.